కాలువ నీళ్లలో చుట్టరికాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వెన్నెముక లేని జీవుల గురించే. డెల్టా కాలువలకు నీళ్లు వదిలాక ఏటా ఇంతే. పిల్లలకు గుంటల్లో కొత్తది ఏదో కనబడుతుంది, పెద్దవాళ్లను పేపర్లో వార్త ఏదో భయపెడుతుంది. గుంటూరులో జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, బ్రాడీపేట ఇంటి వెనక వరండాలో ఇప్పటికీ మైక్రోస్కోపు పెట్టుకున్న దాన్ని. ఇలాంటి ఉత్తరం చేతికొస్తే జవాబు రాయకుండా లేవలేను. కొన్నిటికి నాలుగు ముక్కల్లో చెప్పాను, కొన్నిటి దగ్గర చాలాసేపు ఆగాను.

ప్రశ్న: మేడమ్, మా నాన్నగారు చదువుకున్న పుస్తకంలో ప్రోటోజోవా అంటే జంతువుల్లో మొదటి వర్గం. నా పుస్తకంలో అవి ప్రొటిస్టా అనే వేరే రాజ్యంలో ఉన్నాయి. యూట్యూబ్‌లో ఒక సారు అసలు ప్రొటిస్టా అనే రాజ్యమే లేదంటున్నారు. పరీక్షలో ఏది రాయాలి? నిజం ఏది?
– ఇంటర్ విద్యార్థిని, పటమట, విజయవాడ

జవాబు: తల్లీ, ముందు పరీక్ష సంగతి చెప్పేస్తాను. నీ పుస్తకంలో ఉన్నదే రాయి. విట్టేకర్ అనే శాస్త్రవేత్త, 1969, ఐదు రాజ్యాలు, అందులో ప్రొటిస్టా ఒకటి. మార్కులు దానికే వస్తాయి. కానీ నువ్వు అక్కడితో ఆగకుండా నిజం ఏదని అడిగావు చూడు, అందుకే నీ ఉత్తరం అన్నిటికన్నా ముందు పెట్టాను.

మీ నాన్నగారి పుస్తకాన్ని తీసిపారేయకు. దాని వెనక పెద్ద చరిత్ర ఉంది. 1674లో డెల్ఫ్ట్ నగరపు బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తాను సానబట్టిన కటకంలోంచి సరస్సు నీటిని చూసినప్పుడు, కదిలేవన్నీ ఆయన కంటికి బుల్లి జంతువులే. కదిలితే జంతువు, కదలకుండా పచ్చగా ఉంటే మొక్క. అప్పటికి ఉన్న గదులు ఆ రెండే మరి. 1818లో గోల్డ్‌ఫుస్ ప్రోటోజోవా అనే పేరు పెట్టాడు. 1845లో సీబోల్డ్ ఆ పేరును ఒకే కణం ఉన్నవాటికి పరిమితం చేశాడు. 1866లో హెకెల్ ఇవి మొక్కలూ కావు, జంతువులూ కావంటూ ప్రొటిస్టా అనే మూడో రాజ్యం కట్టాడు. అదే మార్పులు చేర్పులతో విట్టేకర్ దాకా, నీ పుస్తకం దాకా వచ్చింది.

చిక్కంతా లోపలి గుంపులు కట్టిన పద్ధతిలో ఉంది. మిథ్యాపాదాలతో (ఒంట్లోంచే సాగే తాత్కాలిక కాళ్లతో) పాకేవి ఒక గుంపు, కశాభంతో (కొరడాలాంటి తోకతో) ఈదేవి ఒక గుంపు, శైలికలతో (ఒంటి మీది సన్నటి వెంట్రుకలతో) తిరిగేవి ఒక గుంపు, కదిలే అవయవం ఏదీ లేకుండా ఇతర జీవుల్లో బతికే స్పోరోజోవా ఇంకో గుంపు. అంటే నడకను చూసి వంశం నిర్ణయించారు. స్కూటరు మీద వెళ్లేవాళ్లందరిదీ ఒకే ఇంటిపేరు అనుకున్నట్టు! మైక్రోస్కోపు తప్ప ఇంకో సాధనం లేని రోజుల్లో అంతకన్నా ఏం చేయగలరు? జన్యువుల వరుసలు చదవడం చేతనయ్యాక అసలు చుట్టరికాలు బయటపడ్డాయి.

ఒకటి చెబుతాను, జాగ్రత్తగా విను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో చూసిన మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం స్పోరోజోవా గుంపులోది. గడ్డి నానిన నీళ్లలో గిరగిరా తిరిగే పారమీషియం శైలికల గుంపులోది. ఒకటి మనిషి నెత్తురులో, ఇంకొకటి మురుగు గుంటలో. చూపులో పోలికే లేదు. కానీ రెండింటికీ పైపొర అడుగున ఒకే రకం చదునైన సంచులుంటాయి, జన్యువులూ ఆ మాటే చెబుతున్నాయి. రెండూ ఆల్వియోలేటా అనే ఒకే పెద్ద కుటుంబంలోవి. అంతేకాదు, ప్లాస్మోడియం లోపల ఒక హరితరేణువు (ఆకుల్లో ఎండతో ఆహారం తయారుచేసే పచ్చటి భాగం) శేషం ఉంది. ఎప్పుడో దాని పూర్వీకుడు ఎర్ర శైవలాన్ని, అంటే ఒక రకం నాచును మింగి, అరిగించుకోకుండా దాచుకున్నాడు. ఇప్పుడది ఎండను వాడుకోదు కానీ అది లేకపోతే ఆ పరాన్నజీవి బతకలేదు. బ్యాక్టీరియా మీద వాడే డాక్సీసైక్లిన్ మలేరియా మీద కూడా పనిచేసేది ఆ శేషాన్ని దెబ్బతీసే. వర్గీకరణ బిట్ పేపర్ వ్యవహారం అనుకునేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇది. ఎవరు ఎవరికి చుట్టమో తెలిస్తే ఏ మందు ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది.

యూగ్లీనా గురించి కూడా నీకు సందేహం వచ్చే ఉంటుంది. బోటనీ వాళ్లు మాదంటారు, జువాలజీ వాళ్లు మాదంటారు. వెలుతురులో పచ్చగా ఆహారం తయారు చేసుకుంటుంది. చీకట్లో ఉంచితే పచ్చదనం పోగొట్టుకుని, చుట్టూ నీళ్లలో కరిగిన ఆహారం పీల్చుకుని బతుకుతుంది. ఆ హరితరేణువు కూడా ఒకప్పుడు మింగిన ఆకుపచ్చ శైవలం తాలూకుదే. దాని దగ్గరి బంధువు ఎవరనుకున్నావు? ట్రిపనోసోమా. మన గేదెలకు, గుర్రాలకు జోరీగలు అంటించే సర్రా రోగం ఉంది కదా, దాని కారకుణ్ణి 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల నెత్తురులో చూశాడు. చెరువు మీద పచ్చటి తెట్టు, గేదెకు వచ్చే జ్వరం రెండూ ఒకే వంశం పనులు.

కాబట్టి ప్రొటిస్టా లేదు అంటే ఆ జీవులు లేవని అర్థం కాదు. వాటన్నిటికీ కలిపి, వాటికి మాత్రమే సొంతమైన మూలపురుషుడు లేడని. అందులో కొన్ని మొక్కలకు దగ్గర, కొన్ని మనకు దగ్గర, కొన్ని ఎవరికీ దగ్గర కావు. పిలుచుకోవడానికి ఆ పేరు వాడుకోవచ్చు, నేనూ వాడతాను. కుటుంబం అని మాత్రం అనకూడదు.

ప్రశ్న: అమ్మా, కేరళలో మెదడు తినే అమీబా అని టీవీలో చూసినప్పటి నుంచి భయంగా ఉంది. సెలవుల్లో మా పిల్లలు కృష్ణలోనూ కాలువలోనూ ఈత కొడతారు. ఇది మా చిన్నప్పుడు పుస్తకంలో బొమ్మ గీసిన అమీబాయేనా?
– ఇద్దరు పిల్లల తల్లి, తాడేపల్లి

జవాబు: కాదమ్మా. మీరు బొమ్మ గీసింది అమీబా ప్రోటియస్. అది ఎవరి జోలికీ రాదు. టీవీలో చెప్పింది నేగ్లీరియా ఫౌలెరి. ఆస్ట్రేలియాలో 1965లో ఫౌలర్ అనే వైద్యుడు ఈ జబ్బును మొదట వివరించాడు, ఆయన పేరే దానికి పెట్టారు. రెండూ జిగురు ముద్దలా పాకుతాయి కాబట్టి రెండింటినీ అమీబా అంటున్నాం. వంశాలు వేరు. నేగ్లీరియాను స్వేదనజలంలో వేస్తే కొన్ని గంటల్లో పాకడం మానేసి, రెండు కశాభాలు మొలిపించుకుని ఈదడం మొదలుపెడుతుంది. దాన్ని గుర్తుపట్టడానికి ల్యాబుల్లో చేసే పరీక్షల్లో అదొకటి. పైన ఆ అమ్మాయికి చెప్పిన యూగ్లీనాకు ఇది దగ్గర, అమీబా ప్రోటియస్‌కు చాలా దూరం. రక్తవిరేచనాలు తెప్పించే ఎంటమీబా హిస్టోలిటికా మాత్రం నిజంగానే అమీబా ప్రోటియస్ వైపుది. అది తాగే నీళ్లతో, తిండితో కడుపులోకి వస్తుంది. నేగ్లీరియా దారి వేరు.

మీకు కావలసింది ఈ దారి సంగతే. నేగ్లీరియా ఉన్న నీళ్లు తాగితే జబ్బు రాదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. ముక్కులోకి నీళ్లు బలంగా ఎక్కినప్పుడు, వాసన తెలిపే నరం వెంట మెదడుకు చేరుతుంది. వెచ్చటి మంచినీళ్లంటే దానికి ఇష్టం. 46 డిగ్రీల వేడిలో కూడా పెరగగలదు. అందుకని వేసవిలో కదలకుండా నిలిచిన గుంటల్లో, క్లోరిన్ సరిగా కలపని ఈతకొలనుల్లో పిల్లలను తలకిందులుగా దూకనివ్వకండి. అడుగు బురద కెలకనివ్వకండి. ముక్కుకు క్లిప్పు పెడితే ఇంకా మంచిది. జలనేతి (ముక్కును నీళ్లతో కడుక్కోవడం) చేసే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే కాచి చల్లార్చిన నీళ్లతోనే చేయాలి, కుళాయి నీళ్లతో వద్దు.

ఈ జబ్బు చాలా అరుదు, కానీ వస్తే బతకడం కష్టం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఈత కొట్టిన తర్వాత కొద్ది రోజుల్లో తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ పట్టేయడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఏ నీళ్లలో దిగారో మీ అంతట మీరే డాక్టరుగారికి చెప్పండి. ఆ ఒక్క మాట వాళ్లకు ఎంతో ఉపయోగపడుతుంది.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నిజాంపట్నం దగ్గర వనామీ సాగు చేస్తున్నాను. ఈసారి రొయ్య ఎదగలేదు, సైజులు ఎగుడుదిగుడు. ల్యాబులో ఈహెచ్‌పీ పాజిటివ్ అన్నారు. ఒకాయన ఇది ప్రోటోజోవా అని ఒక డబ్బా ఇచ్చాడు. ఇంకొకాయన ఫంగస్ అని ఇంకో డబ్బా ఇచ్చాడు. ఏది వేయమంటారు?
– రొయ్యల రైతు, బాపట్ల జిల్లా

జవాబు: ఎంత కష్టపడి పెంచుతారో చూసిన దాన్ని కాబట్టి మీ ఉత్తరం చదివి బాధేసింది. ముందు అదేమిటో చెబుతాను, డబ్బాల సంగతి తర్వాత.

ఈహెచ్‌పీ పూర్తి పేరు ఎంటిరోసైటోజూన్ హెపటోపినాయి. 2009లో థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలు టైగర్ రొయ్యలో చూసి ఆ పేరు పెట్టారు. ఇది మైక్రోస్పొరీడియా అనే గుంపులోది. ఈ గుంపును మొన్నమొన్నటి వరకు ప్రోటోజోవాలోనే చదువుకున్నాం, నేనూ అలాగే పాఠం చెప్పాను. కణాల్లో మైటోకాండ్రియా (శక్తిని తయారుచేసే భాగాలు) కనబడకపోవడంతో చాలా ప్రాచీనమైన సాదా జీవులని కూడా అనుకున్నారు. 1990లలో జన్యువులు చూస్తే తేలింది వేరు. ఇవి శిలీంధ్రాలకు, అంటే ఫంగస్‌కు దగ్గరివి. ఇంకొకరి కణంలో ఉచితంగా తిండి దొరుకుతుంటే సొంత సరంజామా ఒక్కొక్కటే వదిలేసుకుని అంత సాదాగా మారాయి. ఈహెచ్‌పీ స్పోరు, అంటే విత్తనంలాంటి గట్టి రూపం, మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పరిమాణంలో ఉంటుంది. అందులో చుట్టలు చుట్టిన ఒక గొట్టం. రొయ్య కడుపులో పడగానే ఆ గొట్టం తిరగబడి బయటికి దూసుకొచ్చి కణంలో గుచ్చుకుంటుంది. స్పోరులోని సరుకంతా ఆ గొట్టం గుండా లోపలికి దిగిపోతుంది. రొయ్య హెపటోపాంక్రియాస్ నాళికల్లో పెరుగుతుంది. అది తిన్నది అరిగించి దాచుకునే అవయవం కాబట్టి రొయ్య చావకపోయినా ఎదగదు. మీ చెరువులో జరిగింది అదే.

ఇప్పుడు డబ్బాల మాట. శైలికలున్న ప్రోటోజోవా ఒకటి రొయ్యల మొప్పల మీద, కాళ్ల మీద గుత్తులుగా అతుక్కుంటుంది, జూథామ్నియం అంటారు. మొదటాయన డబ్బా దాని కోసం తయారైనదై ఉండవచ్చు. పైన అతుక్కున్న దానికి, కణం లోపల దాక్కున్న దానికి మందు ఒకటి కాదు. రెండో ఆయన చుట్టరికం సరిగ్గానే చెప్పాడు కానీ, ఫంగస్‌కు దగ్గర అన్నంత మాత్రాన ప్రతి ఫంగస్ మందూ దీనిమీద పనిచేయదు. దాన్ని రొయ్యలో పరీక్షించి చూపాలి. ఏ డబ్బా కొనబోయినా, చెన్నైలో ఉప్పునీటి రొయ్యల సాగు మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీబా వాళ్లనో, మీ మత్స్యశాఖ అధికారినో అడిగి, ఎక్కడ పరీక్షించారో కాగితం చూసి కొనండి. కాగితం లేకపోతే వదిలేయండి.

మీ చేతిలో ఉన్నది తర్వాతి పంట. ఈ స్పోర్లు రెట్టలో బయటికొచ్చి చెరువు అడుగున ఉంటాయి. చెరువు బాగా ఎండగట్టి, దున్ని, పొడిసున్నం వేసి తడపాలి. ఉదజని సూచిక, అదే మీరు పీహెచ్ అంటారు, 12 దాకా పెరిగితేనే స్పోర్లు చస్తాయి. పిడికెడు చల్లితే పీహెచ్ అంత ఎక్కదు. సీడ్ (రొయ్య పిల్లలు) తెచ్చే ముందు పీసీఆర్ (రోగకారకం జన్యువును వెతికే పరీక్ష) చేయించండి, హేచరీ వాళ్లు తల్లి రొయ్యల రెట్టను పరీక్షించారా అని అడగండి. ఇది కొత్త ఉపాయం కాదు. 1860లలో ఫ్రాన్స్‌లో పట్టుపురుగులకు పెబ్రిన్ రోగం వచ్చి రైతులు కుదేలైతే లూయీ పాశ్చర్ చేసింది ఇదే. గుడ్లు పెట్టిన తల్లి పట్టుచిలుకను (రెక్కలొచ్చిన పట్టుపురుగును) నూరి మైక్రోస్కోపు కింద చూసి, రోగపు కణికలుంటే ఆ గుడ్లు తీసేయించాడు. ఆ పెబ్రిన్ కారకం నోసీమా కూడా మైక్రోస్పొరీడియానే, మీ చెరువులోని దానికి చుట్టమే.

ప్రశ్న: టీచర్ గారూ, దుగ్గిరాల లాకుల దగ్గర నీటిలో నానుతున్న పాత దుంగకు ఆకుపచ్చగా, గరుగ్గా ఒక ముద్ద పట్టి ఉంది. నాచు అనుకుని గీకితే చెడు వాసన. చేతులు దురద పెట్టాయి. ఏమిటది?
– డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: బాబూ, నువ్వు ముట్టుకున్నది జంతువు. మంచినీటి స్పంజిక. స్పంజికలన్నీ సముద్రంలోనే ఉంటాయని చాలామంది అనుకుంటారు, మన కాలువల్లోనూ ఉన్నాయి. 1911లోనే నెల్సన్ అనండేల్ భారతదేశపు మంచినీటి స్పంజికల మీద ఒక గ్రంథం రాశాడు. 1916లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పెట్టినప్పుడు దానికి తొలి డైరెక్టరు ఆయనే. పచ్చదనం దాని సొంతం కాదు, కణాల్లో కాపురముండే శైవలాలది. దురద పెట్టించినవి కంటకాలు, గాజులాంటి సిలికా సూదులు. ఆ చేతులతో కళ్లు మాత్రం నలపకు, ప్రమాదం.

ఒక పని చెయ్యి. ఇంకోసారి వెళ్లినప్పుడు చిన్న ముక్కను గీకకుండా, అది పట్టిన చెక్కపేడుతో సహా విరిచి, అదే కాలువ నీళ్లలో ఇంటికి తీసుకురా. గాజుగిన్నెలో కదలకుండా కాసేపు ఉంచు. దాని పక్కన నీళ్లు బాగా కలిపిన పాలను డ్రాపరుతో ఒక చుక్క వదులు. తెల్లటి తెర ముద్ద ఒంటి మీద ఉన్న సన్న రంధ్రాల వైపు సాగి మాయమవుతుంది. కాసేపటికి పైన ఉన్న పెద్ద రంధ్రంలోంచి సన్నటి ధారగా బయటికి వస్తుంది. 1825లో రాబర్ట్ గ్రాంట్ ఎడిన్‌బరోలో ఈ ధారను చూసే స్పంజిక జంతువని నమ్మాడు. పొరిఫెరా అనే వర్గం పేరు పెట్టింది కూడా ఆయనే.

ఆ ధారను నడిపేవి కాలర్ కణాలు. ఒక్కోదానికి ఒక కశాభం, దాని చుట్టూ సన్నటి కాలరు. ఇలాంటి కణమే ఒంటరిగా బతికే ప్రొటిస్టులున్నాయి, కోయనోఫ్లాజెల్లేట్లు. ఆ పోలికను 1866లో జేమ్స్-క్లార్క్ అనే అమెరికా శాస్త్రవేత్త పట్టాడు. వందేళ్లు దాటాక జన్యువులు ఆయన వైపే మాట్లాడాయి. ఏకకణ జీవులన్నిటిలో జంతువులకు అత్యంత దగ్గరివి అవే. స్పంజికకే కాదు, వానపాముకీ నీకూ నాకూ కూడా. దుంగ మీది ముద్దను గీకి పారేసేముందు ఒక్క క్షణం ఇది ఆలోచించు.

1907లో హెచ్.వి. విల్సన్ స్పంజికను సన్నటి పట్టుబట్టలోంచి పిండి, కణాలు విడివిడిగా పడేలా చేశాడు. ఆ కణాలు అడుగున పాకుతూ ఒకదాన్నొకటి వెతుక్కుని మళ్లీ స్పంజికలయ్యాయి. మనిషి ఒంట్లో ఏ అవయవమూ ఇలా చేయలేదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఈ ముద్ద ఎండి చచ్చిపోతుంది. అయినా దుంగకు అర మిల్లీమీటరు పరిమాణంలో గుండ్రటి గింజలు అంటుకుని ఉంటాయి. అవి జెమ్యూల్స్. ఎండను తట్టుకుని, నీళ్లు వదిలాక కొత్త స్పంజిక వాటిలోంచే వస్తుంది. నీకు ఎండాకాలంలో వీలైతే అదే దుంగను భూతద్దంతో చూడు.

ప్రశ్న: వానపామును రెండు ముక్కలు చేస్తే రెండు వానపాములవుతాయని మా ఫ్రెండ్ పందెం కాశాడు. నిజమేనా?
– ఏడో తరగతి, కొరిటిపాడు, గుంటూరు

జవాబు: పందెం నువ్వే గెలిచావు నాన్నా, కోసి చూడకు. తోక వైపు తెగితే తల ఉన్న ముక్క చాలాసార్లు బతికి తోకను పెంచుకుంటుంది. తోక ముక్కకు తల మొలవడం చాలా అరుదు. మన దేశంలోనూ ఉండే పెరియోనిక్స్ అనే వానపాము ఆ విద్యలో మిగతావాటికన్నా గట్టిది. నిజంగా ముక్కముక్కా జీవి అయ్యేది ప్లనేరియా అనే బల్లపరుపు పురుగు. 1898లో మోర్గన్ దాని ఒంట్లో 279వ వంతు ముక్క నుంచి కూడా పూర్తి పురుగు పెరగగలదని రాశాడు.

దానికన్నా మంచి ఆట చెబుతాను. వాన పడ్డ మర్నాడు ఒక వానపామును తడి చేత్తో తీసి, గరుకు కాగితం మీద పెట్టి చెవి దగ్గరగా పెట్టు. అది పాకుతుంటే గీసినట్టు సన్నటి చప్పుడు వినిపిస్తుంది. ఒంటినిండా ఉంగరాల్లా గీతలున్నాయి కదా, ఒక్కో ఉంగరం ఒక ఖండం. ఖండాల్లో చిన్న ముళ్లలాంటి శూకాలుంటాయి. ఆ చప్పుడు వాటిదే. మెడ దగ్గర లేతరంగు పట్టీ కనబడితే అది పెద్దదైన వానపాము. మన పొలాల్లో దొరికే ఫెరిటిమాకు ఆ పట్టీ 14, 15, 16 ఖండాల మీద ఉంటుంది, లెక్కపెట్టి చూడు. ఆట అయ్యాక తడిమట్టిలో వదిలెయ్. ఎండలో ఉంచితే చచ్చిపోతుంది, చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది కాబట్టి.

మీ ఫ్రెండుతో ఇంకో పందెం కాయి. స్కూల్లో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు కదా, కడుపులోని ఏలికపాముల కోసం. ఏలికపాము, నత్త, ఈ రెండింటిలో వానపాముకు దగ్గరి చుట్టం ఎవరని అడుగు. ఏలికపాము అంటాడు. పొడుగ్గా, కాళ్లు లేకుండా, అచ్చం అలాగే ఉంటుంది మరి. కానీ ఏలికపాము ఒంటి మీద ఖండాలు లేవు, శూకాలు లేవు. అది పెరిగేటప్పుడు నాలుగుసార్లు పైచర్మం విడుస్తుంది, రొయ్యలాగా, బొద్దింకలాగా. 1997లో జన్యువులు పోల్చినవాళ్లు చర్మం విడిచే జంతువులన్నిటినీ ఒక చోట చేర్చి ఎక్‌డైసోజోవా అన్నారు. ఏలికపాము అటు వెళ్లిపోయింది. వానపాము బంధువులైన సముద్రపు పురుగులకు, నత్త బంధువులైన సముద్రపు గుల్లలకు పిల్లప్రాయంలో ఒకే రూపం ఉంటుంది, బొంగరంలాంటి ఒంటి చుట్టూ శైలికల పట్టీతో. దాన్ని ట్రోకోఫోర్ అంటారు. కాబట్టి వానపాముకు దగ్గరి చుట్టం నత్తే.

ప్రశ్న: మా బడికి దాత ఒకరు మైక్రోస్కోపు ఇచ్చారు. పిల్లలకు ఏం చూపించాలో చెప్పగలరా? రెడీమేడ్ స్లైడ్లు చూసి పిల్లలు తొందరగా విసుగు పడుతున్నారు.
– ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు, మంగళగిరి మండలం

జవాబు: రంగు వేసి అతికించిన శవాలు చూసి విసుగు పడడంలో పిల్లల తప్పేమీ లేదమ్మా. ప్రాణమున్నవి చూపించండి. గుప్పెడు ఎండు వరిగడ్డి ముక్కలు చేసి నీళ్లలో మరిగించి చల్లార్చండి. అందులో గుర్రపుడెక్క వేళ్లు పిండిన కాలువ నీళ్లు కొద్దిగా పోసి, సీసాకు పలచటి గుడ్డ కట్టి, ఎండ తగలని చోట పెట్టండి. మొదటి రోజుల్లో పైన తెల్లటి పొర కడుతుంది, అది బ్యాక్టీరియా. వాటిని తినడానికి సన్నటి కశాభజీవులు పెరుగుతాయి. వారం దాటాక పారమీషియాలు. సీసాను వెలుతురుకు పట్టి చూస్తే పై అంచు దగ్గర తెల్లటి నలుసులు కదులుతూ కంటికే కనబడతాయి. పారమీషియం కాడేటం పొడవు సుమారు పావు మిల్లీమీటరు.

ఒక చుక్క స్లైడు మీద వేసి, నాలుగు దూది పోగులు విడదీసి వేయండి. లేకపోతే అవి పరిగెత్తే వేగానికి పిల్లలు వాటిని పట్టుకోలేరు. పోగుల మధ్య చిక్కుకున్నదాన్ని పెద్ద కటకంలో చూపించండి. రెండు కొసల దగ్గరా గుండ్రటి బుడగలు, చుట్టూ కిరణాల్లా నాళాలు ఉంటాయి. ఒక బుడగ నిండి టక్కున మూసుకుంటే, రెండోది నిండుతూ ఉంటుంది. అవి సంకోచ రిక్తికలు. ఒంట్లోకి ఊరుతున్న నీళ్లను బయటికి తోడేస్తున్నాయి. చుక్కలో చిటికెడు ఉప్పునీళ్లు కలిపితే ఆ కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. ఎందుకో పిల్లలనే చెప్పమనండి, వెంటనే జవాబు చెప్పేయకండి.

కాంగో రెడ్ అనే రంగు దొరికితే ఇంకా బాగుంటుంది. కొద్దిగా ఈస్టును ఆ రంగులో మరిగించి చల్లార్చి చుక్కలో కలపండి. పారమీషియం ఎర్రటి ఈస్టును మింగుతుంది. మింగింది ఒక బుడగలో చేరి ఒంట్లో తిరుగుతుంటే ఎరుపు నీలమవుతుంది. లోపల ఆమ్లం ఊరుతోందన్నమాట. ఒకే కణం తినడం, అరిగించుకోవడం పిల్లలు కళ్లారా చూస్తారు. మీ బడిలో ఇది కుదిరితే ఏం చూశారో పిల్లల చేత బొమ్మలు గీయించి నాకు తప్పకుండా పంపండి. చూశాక సీసా కడిగించి, చేతులు సబ్బుతో తోమించండి. కాంగో రెడ్‌ను పిల్లల చేతికి ఇవ్వకుండా మీరే వాడండి.

ప్రశ్న: బోదకాలు పరీక్షకు రాత్రిపూటే రక్తం ఎందుకు తీస్తారు?
– చదువరి, రేపల్లె

జవాబు: మన వైపు బోదకాలు తెచ్చే ఉకరీరియా కూడా ఏలికపాము వర్గంలోదే, నెమటోడ. పెద్దవి లింఫు నాళాల్లో ఉంటాయి. వాటి పిల్లలు పగలు ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కుని, రాత్రి పది నుంచి రెండు మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అంటించే క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే. పగలు తీస్తే ఉన్నా కనబడకపోవచ్చు. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రి తలుపు తడితే విసుక్కోకండి.

ప్రశ్న: నా పెళ్లిలో పెట్టిన పగడపు ఉంగరం ఉంది. పగడం రాయా, మొక్కా, జంతువా? ఇంట్లో పెద్ద వాదన నడుస్తోంది.
– గృహిణి, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: జంతువు కట్టిన ఇల్లు. హైడ్రా, జెల్లీఫిష్ ఉన్న నిడేరియా వర్గమే. వేలాది చిన్న పాలిప్‌లు (గొట్టంలాంటి ఒళ్లున్న బుల్లి జంతువులు) గుంపుగా ఉండి అడుగున సున్నపు పదార్థంతో గట్టి కాడ కడతాయి. ఎర్ర పగడం ఆ కాడే. ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వస్తుంది. కొమ్మలుగా ఉంటుంది కాబట్టి మొక్క అనుకున్నారు. 1720లలో పెయ్సొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు అవి పూలు కావు, జంతువులు అంటే పెద్ద శాస్త్రవేత్తలే ఒప్పుకోలేదు. 1740లలో ట్రెంబ్లీ హైడ్రాల మీద చేసిన ప్రయోగాలు వచ్చాకే ఆయన మాటకు విలువ వచ్చింది. మీ పూజగదిలో శంఖం ఉంటే అది నత్త వర్గం, మొలస్కా. మెడలో ముత్యం ఉంటే అదీ మొలస్కానే. కట్టుకున్న పట్టుచీర పట్టుపురుగుది, అంటే ఆర్థ్రోపొడా.

ఉంగరం శుభ్రం చేసేటప్పుడు నిమ్మరసం, చింతపండు, వెనిగర్ తగలనివ్వకండి. సున్నపు పదార్థం కాబట్టి పులుపు తగిలితే మెరుపు పోతుంది. తడిబట్టతో తుడిస్తే చాలు.